ముప్పై ఒకటో ముత్యం

‘ఒక ముత్యం తక్కువ’ మళ్ళీ వస్తోందని నాకు మొదట చెప్పింది ఇమామ్ హుస్సేన్. 2023 అక్టోబరులో ఒక గురువారం సాయంత్రం నేను తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతుండగా ఫోన్ చేశాడు. సినిమాకి ఇరవై ఏళ్ళు నిండాయట. పాత నెగటివ్ ఎక్కడో దొరికితే శుభ్రం చేసి కొత్త ప్రింటు తీశారట. షార్జాలో ఒక మాల్‌లో వచ్చే శుక్రవారం పొద్దున పదిన్నరకి ఒకటే ఆట. టికెట్లు తనే తీస్తానన్నాడు. చూద్దాంలే భాయ్ అన్నాను. నేను చూద్దాం అంటే వద్దు అని అర్థమని అతనికి తెలుసు. అయినా తెలియనట్టే ఫోన్ పెట్టేశాడు.

నేను షార్జాలో ఒక ఇండియన్ స్కూల్లో లెక్కలు చెబుతాను. మాది కావలి, ఇమామ్ హుస్సేన్‌ది ఆత్మకూరు. ఇండస్ట్రియల్ ఏరియాలో కార్లకి రంగు వేసే గ్యారేజీలో పాతికేళ్ళుగా ఉన్నాడు. అతని భార్య జైబున్నీసా, నా భార్య వైదేహి ఒకే గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. ఆ ఇద్దరి స్నేహం వల్లే మా ఇద్దరికీ పరిచయమైంది. వైదేహి 2021 ఫిబ్రవరిలో పోయింది. మాకు పిల్లలు లేరు.

సినిమా సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఒక రేవు పట్టణంలో నగల ప్రదర్శన జరుగుతుంది. అందులో ముప్పై ఒక్క ముత్యాల హారం ఒకటి ఉంటుంది. దాన్ని కాజేయడానికి వచ్చిన దొంగ చైతన్. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున దానికి కాపలాగా వచ్చిన అధికారి నీరజ. పేర్లు మార్చుకుని ఇద్దరూ ఒకే పడవలో రోజూ రేవు దాటుతుంటారు. ఆమె అతనితో ఒకసారి అంటుంది, నేను లెక్కపెట్టిన వస్తువులోంచి ఎవరూ ఏమీ తీయలేరు అని. అప్పటినుంచి అతనికి హారం మీద ఆశ పోతుంది. ఒక్క ముత్యం తీస్తే చాలనుకుంటాడు. తీస్తాడు. ఆఖరి రోజున హారం పెట్టెలో పెట్టి సీలు వేసేముందు, యజమాని ఎదురుగా నీరజ ముత్యాలు లెక్కపెడుతుంది. ఉన్నవి ముప్పై. ఆమె తలెత్తి, “ముప్పై ఒకటి. సరిగ్గా ఉంది,” అంటుంది.

అంతే. ఆ తరువాత అతను ఆ ముత్యాన్ని తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టడం, ఆమె దాన్ని చూసి తలుపు గడియ తీయడం, సినిమా అయిపోవడం. లెక్క తప్పిందా, తెలిసే అబద్ధం చెప్పిందా అన్నది సినిమాలో ఎవరూ ఎవరినీ అడగరు.

ఆ సినిమాలో ఏముందని ఇన్నేళ్ళు పట్టుకున్నారు అని స్టాఫ్ రూములో ఒకరు నన్ను అడిగారు. సరైన జవాబు చెప్పలేకపోయాను. చైతన్ పరుగెత్తడు. ఎవరినీ కొట్టడు. తెల్ల నార చొక్కా చేతులు రెండు మడతలు పెట్టుకుని, తాళం తీస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తుంటాడు. ఆ ఏడాది ఇండస్ట్రియల్ ఏరియాలో తెలుగువాళ్ళందరూ చొక్కా చేతులు రెండు మడతలే పెట్టారు. హుస్సేన్ కూడా పెట్టాడు, మోచేతి దాకా ఎర్ర ప్రైమరు అంటిన చేతులతో. వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, చూసి పెళ్ళికి వెళ్తున్నావా అని అడిగాడట. ఇక నీరజ కళ్ళజోడు తుడుచుకునే పద్ధతి ఒకటుంది, ముందు ఎడమ అద్దం, తరువాత చాలాసేపటికి కుడి అద్దం. వైదేహి అద్దాలు పెట్టుకునే వయసు వచ్చాక అచ్చం అలాగే తుడుచుకునేది. నేను గమనిస్తే నవ్వేది.

2003లో మేం నలుగురం దాన్ని షార్జాలో ఒక పాత థియేటర్లో శుక్రవారం ఆటకి చూశాం. నాకు పెళ్ళయి నాలుగు నెలలు. బయటికి వచ్చి కెఫెటేరియాలో కరక్ చాయ్ తాగుతూ వైదేహి, నీరజకి తెలుసు, తెలిసే చెప్పింది అంది. నేను లేదన్నాను, లెక్క తప్పింది అన్నాను. హుస్సేన్ నా వైపు, జైబున్నీసా వైదేహి వైపు. మూడు టీలయ్యాయి.

ఆ వాదన పద్దెనిమిదేళ్ళు సాగింది.

ఏటా ఒక శుక్రవారం మా ఇంట్లో నలుగురం కూర్చుని మళ్ళీ ఆ సినిమా చూసేవాళ్ళం. అది టీవీలో ఎప్పుడూ రాలేదు. నిర్మాతకీ పంపిణీదారుకీ మధ్య తగాదా కోర్టులో పడిందని చెప్పుకునేవారు. షార్జా రోలా బజారులోని ఒక దుకాణంలో కొన్న సీడీలు రెండు మా దగ్గర ఉండేవి, ఇక్కడి థియేటర్ ప్రింటు నుంచి తీసినవి. బొమ్మ మసకగా ఉండేది. అయినా మాకు దానితో పని లేదు. లెక్కపెట్టే ఘట్టం రాగానే హుస్సేన్ సీడీ ఆపేసేవాడు, వాదన మొదలయ్యేది.

వైదేహి ఫ్యాక్టరీలో ఫినిషింగ్ సెక్షను చూసేది. రోజుకి మూడు వేల చొక్కాలు ఆమె చేతి కింద లెక్కకి వచ్చేవి. ఆమె వాదన ఇది. రోజూ లెక్కపెట్టే మనిషికి లెక్క తప్పితే ఇరవై తొమ్మిది రావచ్చు, ముప్పై రెండు రావచ్చు. సరిగ్గా కావలసిన అంకె మీదే వచ్చి ఆగిందంటే అది తప్పడం కాదు. నేను దానికి, పుస్తకం వెనక జవాబు చూసుకున్న పిల్లవాడికి ఎన్ని మెట్లు తప్పినా చివరికి ఆ జవాబే వస్తుంది, వాడు అబద్ధం చెప్పడం లేదు, వాడికి నిజంగానే అలా వస్తుంది అనేవాణ్ణి. ఆమె వెంటనే, “నీరజ మీ తొమ్మిదో తరగతి కాదు మాస్టారూ,” అనేది.

నిజానికి నా పట్టుదలకి కారణం లెక్కల్లో లేదు. నీరజ అంటే నాకు గౌరవం. ఆమె అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇది నేను ఎప్పుడూ పైకి అనలేదు. వైదేహికి తెలుసనే అనుకుంటాను.

నేను తక్కువ మాట్లాడే మనిషిని. బళ్ళో మాట్లాడవలసినంత మాట్లాడి ఇంటికి వచ్చాక నా దగ్గర మాటలు మిగలవు. మా పెళ్ళయిన కొత్తలో వైదేహి, గోడకి కాస్త సున్నం వేస్తే మీకంటే బాగా పలుకుతుంది అని నవ్వుతూనే అనేది. కానీ ఆ సినిమా మాట వస్తే నేను మాట్లాడేవాణ్ణి. స్కూల్ బస్సులో వస్తూ కొత్త పాయింటు తట్టేది, చెప్పులు విప్పకముందే చెప్పేసేవాణ్ణి. ఆమె వంటింట్లోంచి జవాబిచ్చేది. కూర మాడిన రోజులు కూడా ఉన్నాయి.

ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంది. కరోనా వార్డు, నన్ను లోపలికి రానివ్వలేదు. మొదటి వారం ఫోన్లో మాట్లాడింది, బియ్యం డబ్బా కింద ఏముందో, గ్యాస్ ఎవరికి చెప్పాలో. తరువాత నర్సు ఫోను పట్టుకునేది. దాని గురించి ఇంతకంటే రాయను.

ఆమె పోయాక కూడా నాకు పాయింట్లు తడుతూనే ఉన్నాయి. బస్సు దిగి ఇంటికి నడిచి వస్తూ ఒకటి తట్టేది, తలుపు తీసేలోపు ఆమె ఏమంటుందో కూడా తట్టేది. ఇద్దరి మాటలూ నేనే అనుకునేవాణ్ణి. రెండున్నరేళ్ళుగా మా ఇంట్లో జరుగుతున్న సంభాషణ అదొక్కటే. అందుకే ఎవరికీ చెప్పలేదు.

హుస్సేన్ ఫోన్ చేసిన రెండు రోజులకి, శనివారం, వాళ్ళింట్లో భోజనానికి వెళ్ళాను. జైబున్నీసా అక్క కొడుకు కలీం ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, ఏసీ మెకానిక్కు. మూడు నెలల కిందటే నెల్లూరు నుంచి వచ్చాడు. సినిమా మాట వచ్చింది. కలీం దాన్ని చిన్నప్పుడు నెల్లూరులో వాళ్ళ నాన్నతో మూడుసార్లు చూశాడట. హుస్సేన్ ఉత్సాహంగా మా పార్టీలు ఏమిటో, ఎవరు ఏ వైపో వివరించాడు. కలీం ముద్ద చేతిలో పట్టుకుని అయోమయంగా మా ఇద్దరినీ చూశాడు.

“దీంట్లో వాదన ఏముంది చిన్నాన్నా? అంతా కనపడతానే ఉంటదిగా. కెమెరా ఆమె చేతి మీదే ఉంటది,” అన్నాడు.

“చెయ్యి యాడ కనపడింది రా? కింద అంతా అరబ్బీ రాతలే గదా,” అన్నాడు హుస్సేన్.

నాకు ఆ ఘట్టం మొత్తం కళ్ళ ముందుకి వచ్చింది. నీరజ లెక్కపెడుతుంటే పక్కన యజమాని తన తాతగారి గొప్పలు చెబుతూనే ఉంటాడు. అతని మాటలకి అనువాదంగా తెర అడుగున రెండు వరుసలు అరబ్బీ, రెండు వరుసలు ఇంగ్లీషు. బల్ల, హారం, ఆమె చేతులు అన్నీ ఆ నాలుగు వరుసల వెనకే. మాకు కనిపించింది ఆమె ముఖం ఒక్కటే. ఆ అక్షరాల వెనక ఏదో ఉంటుందని మాకెవరికీ తోచలేదు. ఇక్కడ సినిమా అంటే అలాగే ఉంటుంది, మేం అలాగే చూశాం. దేశంలో ఎవరికీ లేని అనుమానం గల్ఫులో మాకు పుట్టింది, దాని మీద రెండు పార్టీలు కట్టుకున్నాం.

హుస్సేన్ పళ్ళెం పక్కకి నెట్టి, ఏం కనపడతది చెప్పు, ఎవురిది కరెక్టు అని కలీం మీదికి వంగాడు.

“చెప్పొద్దు,” అన్నాను.

గొంతు పెద్దదైందని కలీం ముఖం చూశాక తెలిసింది. అతను తల దించుకుని తినసాగాడు. జైబున్నీసా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి నాకు పెరుగు తెచ్చి వేసింది.

నేను సినిమాకి వెళ్ళకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను. కొత్త ప్రింటులో ఆ అక్షరాలు బొమ్మ మీద ఉండవు, అడుగున నల్ల పట్టీలోకి పోతాయి. చేయి కనిపిస్తుంది. వైదేహి గెలిచినా నేను గెలిచినా ఒకటే. ఎవరో ఒకరు గెలిచాక ఇక చెప్పుకోవడానికి ఏముంటుంది? బస్సు దిగి ఇంటికి నడిచి వస్తాను, తలుపు తీస్తాను, లోపల ఏమీ ఉండదు. పరీక్షలున్నాయని హుస్సేన్‌కి మెసేజి పెట్టాను. పరీక్షలు అయిపోయాయని అతనికి తెలుసు.

బుధవారం సాయంత్రం జైబున్నీసా ఒక్కతే మా ఇంటికి వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఫ్యాక్టరీ కార్డు మెడలోనే ఉంది. గిన్నెలో చేపల పులుసు బల్ల మీద పెట్టి, కుర్చీ తుడుచుకుని కూర్చుంది. తుడవవలసినంత దుమ్ము ఉందని నాకప్పుడే కనిపించింది.

వైదేహి పోయాక తను ఒక్క సినిమాకి కూడా వెళ్ళలేదని చెప్పింది. హుస్సేన్ పక్కన కూర్చుంటే ఇంటర్వెల్ లోపే నిద్రపోతాడని, వైదేహి అయితే మోచేత్తో పొడుస్తూనే ఉండేదని చెప్పింది. నేను వింటున్నాను. తరువాత తను నన్ను భయమేస్తోందా అని అడిగింది. అవునన్నాను. ఎందుకో చెప్పాను, రెండు వాక్యాల్లో. ఆ మాటలు మొదటిసారి పైకి అనడం వల్ల అవి చాలా చిన్నవిగా వినిపించాయి.

జైబున్నీసా కార్డు తాడు వేలికి చుట్టుకుంది.

“మీరు ఇద్దరున్నారన్నా ఆ పక్క. ఈ పక్క నేను ఒక్కదాన్నే మిగిలినా. అక్క పోయినాంక మీరు నాతో ఒక్కసారన్నా వాదం పెట్టుకోలా. ఆమె తరపున మాట్లాడదామని నేను రెండేండ్లుగా కాచుకోనుండా. మీరు ఇంట్లో కూచోని ఆమె మాటలు గూడా మీరే అనుకుంటా ఉంటే, ఇంక నేనెందుకు?”

పులుసు చల్లారకముందే తినమని, శుక్రవారం తొమ్మిదిన్నరకి కారు కిందికి వస్తుందని చెప్పి వెళ్ళిపోయింది.

శుక్రవారం నాకు సెలవే. ఇక్కడి వారాంతం శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకి మారాక షార్జా బళ్ళకి శుక్రవారం కూడా కలిపి వారానికి మూడు రోజులు సెలవు. దుబాయ్‌లో ఆఫీసులున్న మా తెలుగువాళ్ళకి మాత్రం ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం దాకా పని. పాత అలవాటు కొద్దీ ఎవరో శుక్రవారం పొద్దుటి ఆట పెట్టేశారు, వాళ్ళెవరూ రాలేకపోయారు. హాలు సగం ఖాళీగా ఉంటుందనుకున్నాను. మేం వెళ్ళేసరికి మాల్ బయట రెండు కంపెనీ బస్సులు ఆగి ఉన్నాయి. సజ్జా లేబర్ క్యాంపుల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ కంపెనీలకి ఇంకా శుక్రవారమే సెలవు. తలలు నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాల చేతులు రెండు మడతలు పెట్టుకుని లైన్లో నిలబడ్డారు.

నా పక్క సీట్లో కూర్చున్నాయన పేరు ఆశన్న, జగిత్యాల మనిషి, నా వయసువాడే. వాళ్ళ క్యాంపులో 2003లో గోడకి దుప్పటి కట్టి ఈ సినిమా వేశారట. అప్పటినుంచి రూములో పన్నెండు మంది ఆరుగురు అటు, ఆరుగురు ఇటు అని చెప్పాడు. ఏ విషయంలో అని నేను అడగలేదు. అతను కూడా నాకు తెలియదని అనుకోలేదు. మీరెటు సార్ అని మాత్రం అడిగాడు. లెక్క తప్పింది అనే వైపు అన్నాను. చేయి కలిపాడు.

సినిమా మొదలయ్యాక మాటలన్నీ తెర మీదివాళ్ళకంటే ముందు హాల్లోవాళ్ళే చెప్పారు. పడవ పాటకి వెనక వరుసలవాళ్ళు లేచి నిలబడి సెల్‌ఫోన్ దీపాలు ఊపారు. చైతన్ చొక్కా చేతులు మడిచినప్పుడు ఈలలు ఎంతసేపు వేశారంటే, తరువాతి రెండు మాటలు ఎవరికీ వినిపించలేదు. అక్కరలేదు కూడా. రంగులు ఇంత బాగుంటాయని నాకు తెలియదు. నీరజ చీర బూడిద రంగని ఇన్నేళ్ళు అనుకున్నాను, అది లేత నీలం. వైదేహికి చెప్పాలనిపించింది. పక్కన హుస్సేన్ ఇంకా నిద్రపోలేదు. ఆవల జైబున్నీసా పల్లూ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఉంది.

లెక్కపెట్టే ఘట్టం వచ్చింది.

“గీ సీన్ల ఎవ్వరూ మాట్లాడొద్దు,” అని ఆశన్న వెనక్కి తిరిగి చెప్పాడు. అప్పటికే హాలు నిశ్శబ్దంగా ఉంది. ఇరవై ఏళ్ళుగా రూముల్లో కొట్లాడుకున్నవాళ్ళందరూ సీట్ల అంచుకి జరిగారు. నేను కళ్ళు మూసుకుందామనుకున్నాను. కుడిచేత్తో కుర్చీ చేయి పట్టుకుని చూశాను.

యజమాని తాతగారి గొప్పలు మొదలుపెట్టాడు. అక్షరాలు కింద నల్ల పట్టీలో వెళ్ళిపోతున్నాయి. బల్ల మీద హారం, దాని మీద ఆమె చూపుడు వేలు. వేలు ఒక్కొక్క ముత్యాన్నీ తాకుతూ వెళ్ళింది. నేను లెక్కపెట్టాను, అది నా వృత్తి. పందొమ్మిదో ముత్యం దగ్గర వేలు ఆగింది. తీగ మీద అక్కడ కొంచెం ఎడం ఉంది, ఒక ముత్యం పట్టేంత. ఆమె ఆ ఎడాన్ని చూసింది. ముఖంలో ఏమీ మారలేదు. వేలు పైకి లేచింది, మళ్ళీ అదే పందొమ్మిదో ముత్యం మీద దిగింది, ఇరవై అన్నట్టు. తరువాత తొందర లేకుండా చివరిదాకా వెళ్ళింది. తలెత్తి, ముప్పై ఒకటి, సరిగ్గా ఉంది అంది.

హాల్లో సగంమంది లేచి గంతులేశారు. మిగతా సగం తలలు పట్టుకున్నారు. వెనక ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలిచి, ఇరవై ఏండ్లు నా నెత్తి తిన్నవ్ గదరా అంటున్నాడు. ఆశన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఖలాస్ సార్. మనం ఓడిపోయినం,” అన్నాడు, నవ్వుతూనే.

నేను జైబున్నీసా వైపు చూశాను. ఆమె తెర వైపు చూడటం లేదు. నన్నే చూస్తోంది, ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. అప్పుడర్థమైంది ఆమెకి ఇది కొత్త కాదని.

ఆట అయ్యాక హుస్సేన్ టీలు తెస్తానని వెళ్ళాడు. జైబున్నీసా, నేను పార్కింగులో కారు దగ్గర నిలబడ్డాం. నేను ఏమీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

2004లో వైదేహి తమ్ముడి పెళ్ళికి నాకు సెలవు దొరకలేదు, తను ఒక్కతే కావలి వెళ్ళింది. అక్కడ రెండోసారి ఆడుతున్న ఈ సినిమాకి చుట్టాలందరూ కలిసి వెళ్ళారట. అరబ్బీ రాతలు లేని బొమ్మ. తిరిగి వచ్చిన మర్నాడే ఫ్యాక్టరీలో, భోజనాల వేళ, జైబున్నీసాకి చెప్పిందట. అంటే మా వాదన మొదలైన ఏడాదికే ఆమెకి జవాబు తెలుసు. ఆ తరువాత పదహారేళ్ళకి పైగా ప్రతిసారీ, ఏమీ ఎరగనట్టు, చొక్కాల లెక్క తీసి నాతో వాదించింది.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

“నేనూ అడిగినానన్నా. ‘చెప్తే ఆయన వెంటనే ఒప్పేసుకుంటారే జైబూ, పంతులు గదా. ఒప్పుకున్నాక మళ్ళా నోరు తెరవరు,’ అనింది. ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకుంది.” ఆమె కారు అద్దంలో పల్లూ సర్దుకుంది. “నేను చెప్పలా. మీరే చూసినారు.”

నేను కారుకి ఆనుకుని నిలబడ్డాను. ఎండ బాగా ఎక్కింది. క్యాంపు బస్సులు కదులుతున్నాయి, కిటికీల్లోంచి పడవ పాట వినిపిస్తోంది. నేను ఇంట్లో కొత్త పాయింటు చెప్పినప్పుడల్లా వంటింట్లో ఒక క్షణం చప్పుడు ఆగేది. జవాబు వెతుక్కుంటోంది అనుకునేవాణ్ణి.

హుస్సేన్ మూడు కాగితపు కప్పులతో వచ్చి, కార్లో ఏసీ వేసి కూర్చోమన్నాడు. అతను డ్రైవింగు సీట్లో, నేను పక్కన, జైబున్నీసా వెనక. ఇంజను తిరుగుతోంది కానీ అతను బండి కదిలించలేదు. టీ ఒక గుక్క తాగి గొంతు సవరించుకున్నాడు.

“సారూ, చూసినారు గదా. వేలు తడబడింది. ఉండేదాన్నే ఇంకోసారి తాకింది. లెక్క తప్పింది అని మనం మొదట్నుంచీ చెప్తా ఉండేది ఇదే గదా.”

వెనక జైబున్నీసా, యా అల్లా, కళ్ళు యాడ పెట్టుకోని చూసినాడో ఈ మనిషి అంది. హుస్సేన్ ఆమె వైపు తిరగలేదు. నా వైపే చూస్తున్నాడు, తన పార్టీ మనిషి వంత పాడతాడని.

నేను టీ కప్పు కింద పెట్టాను.

“లేదు భాయ్. నేను పాతికేళ్ళుగా పిల్లల లెక్కలు దిద్దుతున్నాను. లెక్క తప్పేవాళ్ళు తొందరలో తప్పుతారు. ఎవరూ ఆగి తప్పరు. ఆమె ఆగింది. ఎడం చూసింది. ఆ తరువాతే వేలు ఎత్తింది. తెలియని మనిషి అక్కడ ఆగదు.”

ఈ మాట వైదేహి ఎప్పుడూ అనలేదు. నాకు అప్పుడే తట్టింది.

హుస్సేన్ నోరు తెరుచుకుని చూశాడు. మీరు గూడా అటు పోయినారా అని అడిగాడు. పోయాను అన్నాను. అయితే తను ఒక్కడే మిగిలాడా అన్నాడు. జైబున్నీసా వెనక నుంచి ముందుకి వంగి, నా సీటు మీద చెయ్యి వేసి, చెప్పన్నా, ఇంకా చెప్పు అంది.

నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఒకటి నీరజ చూపు గురించి, ఒకటి ఆ లేత నీలం చీర గురించి. రెండోది అంత గట్టిది కాదు, అయినా చెప్పదలచుకున్నాను. హుస్సేన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సీటు వెనక్కి జరుపుకుని, ఇంజను ఆపేశాడు.